మందు పడని ముంగిలి

నా పచ్చికలో కలుపు మొక్కల్ని ఎవరో దొంగిలిస్తున్నారని చెబితే మా ఆవిడ క్రెసెన్సియా పిండి కలుపుతున్న చెయ్యి ఆపి మరీ నవ్వింది.

"ఆ దొంగ కనిపిస్తే లోపలికి పిలువు. అంట్ల గిన్నెలు కూడా దొంగిలించి తోమి పెడతాడేమో అడుగుదాం," అంది.

నవ్వదా మరి. నలభై ఏళ్ళు మా పేట ఫుట్‌బాల్ మైదానంలో గడ్డి పెంచినవాణ్ణి నేను. ఒవియెదో ఊరి చివర మా వీధిలో ఎవర్నడిగినా చెబుతారు, ఎవారిస్తో ముంగిట్లో గరిక మీద బంతి వదిలితే గీత గీసినట్టు పోతుందని. అడక్కపోయినా చెబుతారు, ఎందుకంటే ఆ మాట నేనే వాళ్ళ చెవుల్లో ఇల్లు కట్టుకుని చెప్పాను. మా వీధి దాటితే అన్నీ సోయా చేలే. గాలి ఇటు తిరిగిందంటే మందు వాసన. దార్ల పక్కన కూడా మునిసిపాలిటీ వాళ్ళు మందే కొడతారు. అందుకని నేను ఛాతీ విరుచుకుని చెప్పుకునే మాట ఇంకొకటుంది. "ఈ చుట్టుపక్కల మందు చుక్క పడని నేల నా ముంగిలి ఒక్కటే. ఇదంతా ఈ చేతుల్తో పీకిందే." పెళ్ళిళ్ళలో చెప్పాను, చావుల్లో చెప్పాను, ఒకసారి బిషప్పు గారు ఇటు వస్తే ఆయనకీ చెప్పాను.

ఆ మాట మొన్నమొన్నటిదాకా నిజమే. తర్వాత మోకాళ్ళు పోయాయి. గొంతుక్కూర్చుంటే లేవలేను, లేవడానికి ఏదైనా పట్టుకోవాలి, పచ్చిక మధ్యలో పట్టుకోవడానికి ఏముంటుంది? ఒకరోజు అరగంట సేపు అలాగే కూర్చుని, క్రెసెన్సియా చూస్తుందేమోనని చీమల్ని పరిశీలిస్తున్నట్టు నటించాను. ఆ రోజు నుంచీ వంగడం మానేశాను. ఎవరికీ చెప్పలేదు. కలుపుకి మాత్రం ఎవరూ చెప్పనక్కర్లేదు కదా. వాసనతుంగ దుబ్బులు దుబ్బులుగా లేచింది.

తుంగతో పడ్డవాడికే దాని సంగతి తెలుస్తుంది. పైన కోస్తే కింద గడ్డ నవ్వుకుంటుంది. ఒక గడ్డ తెగితే రెండవుతుంది. డిసెంబరు ఎనిమిదికి ఇంకా రెండు నెలలే ఉంది. ఆ రోజు దేవమాత ఊరేగింపు పేటంతా తిరిగి ఒక ఇంటి ముంగిట ఆగుతుంది. అక్కడ తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద తల్లిని కూర్చోబెట్టి అందరూ పాడతారు. పంతొమ్మిదేళ్ళుగా ఆ బల్ల నా పచ్చిక మీదే పడుతోంది. ఎదురింటి పోలికార్పో రెండేళ్ళ నుంచి వాడి ముంగిట్లోనూ గడ్డి పెంచుతున్నాడు. వాడు నా కొడుక్కి జ్ఞానతండ్రి, అంటే నాకు కుంపా. ఆ బంధుత్వం ఉంది గనక పైకి ఏమీ అనను.

సరిగ్గా అప్పుడు మొదలైంది ఈ దొంగతనం. పొద్దున్నే చూస్తే పచ్చికలో నాలుగు చోట్ల బొటనవేలంత గుంటలు. మొదట కుమ్మరి పురుగనుకున్నాను. బకెట్ నీళ్ళలో సబ్బు కలిపి ఆ చోట పోశాను. కుమ్మరి పురుగుంటే సబ్బునీళ్ళకి ఊపిరాడక రెండు నిమిషాల్లో పైకొస్తుంది, మైదానంలో వందసార్లు చేసిన పని. రెండు పురుగులొచ్చాయి, మీసాలు తుడుచుకుంటూ. రెండు పురుగులు నాలుగు గుంటలు తవ్వలేవు, పైగా వాటి సొరంగాలు అడ్డంగా పోతాయి, ఇవి నిలువుగా ఉన్నాయి. తర్వాత తాతూ అనుకున్నాను. పెంకు వేసుకు తిరిగే ఆ జంతువు ముట్టెతో కుమ్మితే మట్టి చిందరవందర చేస్తుంది. ఇక్కడ తవ్వినవాడెవడో మట్టి మళ్ళీ పూడ్చి పైన తట్టి మరీ వెళ్ళాడు.

అప్పుడు తట్టింది నాకు. గుంట పడ్డ ప్రతిచోటా నిన్న తుంగ దుబ్బు ఉంది. ఇవాళ లేదు. గడ్డతో సహా, వేరు తెగకుండా, నేను వయసులో ఉన్నప్పుడు పీకినంత శుభ్రంగా తీశారు. పక్కన గరిక పోచ కూడా వంగలేదు.

నాకు కోపం రావాలి. రాలేదు. ఆ గుంట చుట్టూ మూడుసార్లు తిరిగాను, ఎవరై ఉంటారా అని.

మర్నాడు పొయ్యిలో బూడిద తెచ్చి దుబ్బుల చుట్టూ పల్చగా చల్లాను. తెల్లారేసరికి మూడు దుబ్బులు మాయం. బూడిద మీద అడుగులు చెరిగిపోయి ఉన్నాయి, కాని ప్రతి గుంట పక్కనా మూడు గుండ్రటి నొక్కులు మాత్రం స్పష్టంగా పడ్డాయి. ఒక్కొక్కటీ నాణెమంత. ముక్కోణంలా. క్రెసెన్సియాని పిలిచి చూపించాను.

"మూడు కాళ్ళ జంతువా?" అంది. ఈసారి నవ్వలేదు.

పోలికార్పో గోడ మీంచి తొంగి చూసి, పిలవకుండానే వచ్చేశాడు. "కుంపా, ఇది పొంబేరో పని. సందేహం లేదు."

పొంబేరో అంటే చెట్ల చాటున తిరిగే పొట్టి మనిషి, వెంట్రుకల కాళ్ళవాడు. చప్పుడు చెయ్యకుండా వస్తాడు, కోడిగుడ్లెత్తుకుపోతాడు, పొగాకంటే పడి చస్తాడు. నేను నమ్మను. నమ్మనని గట్టిగా కూడా అనను.

"పొంబేరోకి మూడు కాళ్ళెక్కడివిరా?" అన్నాను.

"మూడోది కర్ర. వాడికీ వయసొస్తుంది కదా కుంపా, నీకొచ్చినట్టే." వాడు నా మోకాళ్ళ వైపు చూసినట్టనిపించింది.

ఆ సాయంత్రం క్రెసెన్సియా రెండు చుట్టలు తెచ్చి పచ్చిక మధ్యలో ఇటుక మీద పెట్టింది. పొద్దున్న చుట్టలు లేవు. ఇంకో మూడు దుబ్బులూ లేవు. మా ఆవిడ శిలువ గుర్తు వేసుకుని, ఆ రోజు నుంచీ రోజూ రెండు చుట్టలు పెట్టడం మొదలుపెట్టింది.

ఇలా ఐదు వారాలు గడిచాయి. ఎవడైతేనేం, పని మంచిదే చేస్తున్నాడు, కానీ ఏరుకుని చేస్తున్నాడు. ముదిరిన దుబ్బులే తీస్తాడు, లేతవి వదిలేస్తాడు. వాటికి పిల్లలు పుడతాయి. పచ్చికంతా గుంటలు, గుంటల మధ్య తుంగ. నవంబరు మూడో వారం ఊరేగింపు చూసుకునే ఉపదేశి వచ్చి, నా ముంగిట నిలబడి, తల గోక్కుని, రోడ్డు దాటి పోలికార్పో పచ్చిక మీద కాలు పెట్టి చూసి వెళ్ళాడు. ఆ కాలు నా గుండెల మీద పెట్టినట్టనిపించింది.

తుంగ లేకపోతే దొంగ రాడు, దొంగ రాకపోతే గుంటలుండవు. అంత తెలివిగా ఆలోచించాను నేను. మా ఊళ్ళో కొంటే అందరికీ తెలుస్తుందని బస్సెక్కి పక్క ఊరు వెళ్ళి తుంగ మందు కొన్నాను. "గడ్డికేం కాదు, తుంగ ఒక్కటే పోతుంది. రెండు వారాలకి పసుపు తిరుగుతుంది, అప్పటిదాకా పైకి ఏం తెలీదు," అన్నాడు కొట్టువాడు. శనివారం మధ్యాహ్నం, అన్నాలు తిని పేటంతా తలుపులేసుకుని కునుకు తీసే వేళ, క్రెసెన్సియా గురక వినిపించాక కొట్టాను. సీసాని గుడ్డలో చుట్టి పనిముట్ల పెట్టెలో అడుగున దాచాను. అరవై ఎనిమిదేళ్ళ మనిషిని, ముంగిట్లో నా గడ్డికి నేను మందు కొట్టుకుంటూ దొంగలా నాలుగు వైపులా చూసుకున్నాను.

ఆదివారం పొద్దున్న ఆరింటికి రోజూలాగే కూజా పట్టుకుని రొట్టెల కోసం వెళ్ళి, వచ్చేదారిలో మలుపు దగ్గర న్యా బసిలిసా బండి ముందు ఆగాను. ఆవిడకి డెబ్భై నాలుగు, పెద్దావిడ గనక అందరం న్యా అంటాం. ముప్పై ఏళ్ళుగా ఆ మామిడి చెట్టు కింద వేర్లు, ఆకులు అమ్ముతుంది. మా దేశంలో పొద్దెక్కాక చన్నీళ్ళలో ఎండుటాకు నానబెట్టిన తెరెరే తాగని ఇల్లుండదు, ఆ నీళ్ళలో దంచిన మూలిక లేకపోతే తెరెరే తాగినట్టే ఉండదు. రాళ్ళకి నేల ఉసిరి, వేడికి తుంగ, దిగులుకి నిమ్మగడ్డి. ఆవిడ మన మొహం చూసి ఏది కావాలో తనే చెబుతుంది.

"నిద్రపోలేదా? కళ్ళు గుంటలు పడ్డాయి," అంటూ నా కూజా లాక్కుంది. ఏవో గడ్డలు రోట్లో వేసి నాలుగు పోట్లు పొడిచి, ఆ ముద్ద కూజాలో వేసి, మంచునీళ్ళు పోసి మూత బిగించి ఇచ్చింది. "వాసన చూడు. నెల రోజులుగా ఇలాంటి సరుకు నా చేతికి రాలేదు, అంతకు ముందు ముప్పై ఏళ్ళలోనూ రాలేదు."

నిజమే. రోజూ నేనూ ఆ మాటే అంటున్నాను.

ఇంటికొచ్చి వాకిట్లో కూర్చుని, కప్పులా చెక్కిన ఎద్దుకొమ్ములో ఆ ఆకు నింపి కూజా నీళ్ళు పోశాను. మొదటి కొమ్ము పునీత తోమాది, మనం తాగం, ఆకు పీల్చేదాకా వదిలేస్తాం. అనుమానం తీరనిదే నమ్మనివాడు కాబట్టి ముందు ఆయన తాగి చూస్తాడని మా అమ్మ చెప్పేది. రెండోది నేను గొట్టంతో పీల్చాను. మూడోదీ. తర్వాత కొమ్ము చేత్తో పట్టుకుని, కూజా చంకలో పెట్టుకుని, మందు ఏమైనా పని చేస్తోందా చూద్దామని పచ్చికలోకి దిగాను.

ఆరు కొత్త గుంటలు.

ఎదురింట్లో రోలు చప్పుడు మొదలైంది. పోలికార్పో పెళ్ళాం మూలిక దంచుతోంది. పక్కింట్లో ఇంకో రోలు. ఆదివారం ఎనిమిదింటికి మా వీధంతా ఆ చప్పుడే ఉంటుంది, పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. నేను కొమ్ము నోటి దగ్గర పెట్టుకున్నాను, తుంగ వాసన ముక్కుకి కొట్టింది, అప్పుడు గాని నా మట్టిబుర్రకి తట్టలేదు. తుంగని పొంబేరో ఏం చేసుకుంటాడు? తుంగని తీసుకెళ్ళేది మనుషులు. దంచుకుని తాగడానికి.

నలభై ఏళ్ళు కలుపుని పీకి గంపల కొద్దీ పారేసినవాడికి అది ఎవరో తాగే వస్తువని గుర్తు రాలేదు. నిన్న నేను మందు కొట్టిన తుంగ ఈ వీధిలో ఏదో ఇంట్లో ఏదో రోట్లో పడబోతోంది. అది ఏ ఇల్లో కనుక్కోవాలి, దంచకముందే. నాది కొన్న సరుకని దాని వైపు ఆలోచనే పోలేదు.

నిజం చెప్పేసి వీధిలో అరిస్తే సరిపోయేది. అరవలేదు. అరిస్తే పంతొమ్మిదేళ్ళ గొప్ప ఒక్క నిమిషంలో పోతుంది. ముందు మాటల్లో పెట్టి కనుక్కుందాం అనుకున్నాను. ఆ అరగంట గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

పోలికార్పో ఇంటికి వెళ్ళాను. "ఇవాళ ఏం వేశార్రా నీళ్ళలో?"

"ఏం కుంపా, ఎప్పుడూ లేంది మా రోలు మీద పడ్డావు? గుర్రపుతోక గడ్డి. కీళ్ళ నొప్పులకి. నీకూ కావాలా?"

"తుంగ వెయ్యలేదు కదా?"

"తుంగ కావాలంటే నీ పచ్చికలో చూసుకో," అని వాడు పగలబడి నవ్వాడు. నేను ఒక గుక్క పీల్చి గొంతు తడుపుకుని బయట పడ్డాను. వాడికి ఏదో అనుమానమొచ్చింది, నిక్కరు పైకి లాక్కుంటూ నా వెనకాలే వచ్చాడు.

నాలుగో ఇల్లు టీచరు ప్రిసిలాది. ఏడో నెల. కాళ్ళు వాచాయని అరుగు మీద రెండు కాళ్ళూ పీట మీద పెట్టుకుని కూర్చుంది. చేతిలో కొమ్ము, పక్కన కూజా.

"రండి కరాయ్ ఎవారిస్తో, సమయానికొచ్చారు. ఇప్పుడే పునీత తోమాకి పోశాను."

"ఏం మూలిక వేశావమ్మా?"

"తుంగ. కాళ్ళవాపుకి మంచిదని న్యా బసిలిసా దంచి ఇచ్చింది." గొట్టం పెదాల దాకా తీసుకెళ్ళింది.

నేను ఆ కొమ్ము లాక్కున్నాను. ఆకు, నీళ్ళు ఆమె ఒళ్ళో పడ్డాయి. ఆమె భయపడి పొట్ట మీద చెయ్యేసుకుంది. నా వెనక పోలికార్పో మెట్ల దగ్గర నిలబడ్డాడని నాకు తెలుసు.

"తాగకు తల్లీ. అది నా ముంగిట్లో తుంగేమో. దానికి నిన్న మందు కొట్టాను."

"మీరా?" అంది ప్రిసిలా. "మీరు మందు కొట్టరుగా?"

"కొట్టాను."

ఆమె కూజా తీసి అరుగు చివరకి జరిపింది, పాముని జరిపినట్టు. పోలికార్పో మెట్ల దగ్గర లేడు. వాడి పరుగు చప్పుడు చర్చి వైపు వినిపించింది.

మలుపు దగ్గరకి నేను పరిగెత్తలేదు, పరిగెత్తే కాళ్ళు నాకు లేవు. వెళ్ళేసరికి బసిలిసా చుట్ట వెలిగించుకుని వేర్లు కడుగుతోంది. ఆవిడ కూర్చున్న స్టూలు చూశాను. జానెడు ఎత్తు. మూడు కాళ్ళు. ఐదు వారాలుగా ప్రతి పొద్దున్నా ఆ స్టూలు ముందు నిలబడి, ఆ చుట్ట పొగ పీల్చి, ఇంటికెళ్ళి బూడిదలో నొక్కులు కొలిచాను.

"మీరేనా?" అన్నాను.

"ఏది నేనేనా?"

"తుంగ."

ఆవిడ సిగ్గుపడలేదు. "నేనే. పొద్దున్నే నువ్వు లేవకముందు వస్తున్నా. నీ పచ్చికలో కలుపుందని నలుగురికీ తెలిస్తే నీకు బాధని చీకటుండగానే వచ్చి పోతున్నా. పూడ్చే పోయాను కదా? అన్నట్టు చుట్టలు బాగున్నాయి, క్రెసెన్సియాకి చెప్పు."

"నిన్న మందు కొట్టాను న్యా బసి. తుంగ మందు."

నీళ్ళలో ఆవిడ చేతులు ఆగిపోయాయి. 

"వాగు దగ్గర తీసేదాన్ని. సోయా వాడు కంచె వేశాడు. రైలు కట్ట మీద తీసేదాన్ని, అక్కడ మందు కొట్టారు. దారి పక్కన ఏదీ ముట్టుకోను, ఒకసారి ముట్టుకుని ఒకావిడకి వాంతులైతే మూడు రోజులు అన్నం తినలేదు నేను. ఈ చుట్టుపక్కల మందు పడని నేల ఒక్కటే ఉందన్నావు. నీ నోటితో అన్నావు, ఇక్కడే, ఈ బండి దగ్గర. అందుకొచ్చాను నీ ఇంటికి. లేకపోతే నాకేం ఖర్మ?"

 ఎవరెవరికి ఇచ్చారని అడిగాను.

"ఆరు దుబ్బులు తీశా. రెండు టీచరమ్మకి."

"ఆమె తాగలేదు. నేను ఆపాను."

"రెండు ఇవిగో, కడుగుతున్నా." తొట్టి కాలితో తన్నేసింది, నీళ్ళు మట్టిలోకి పోయాయి.

"ఇంకో రెండు?"

ఆవిడ నా చంక వైపు చూసింది. "చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే ఎవారిస్తో. నువ్వే కదా ఇవాళ నా మొదటి బేరం."

కూజా చంకలోనే ఉంది. సగం పైగా ఖాళీ. ప్రతి ఇంటి ముందూ గొంతు తడుపుకుంటూ తిరిగాను మరి.  ఆవిడ లేచి, తన స్టూలు నా వెనక్కి తోసి, భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. కోపంగానే కూర్చోబెట్టింది.

క్రెసెన్సియాకి ఎవరో చెప్పారు. పనిముట్ల పెట్టె తిరగేసి సీసా పట్టుకుని వచ్చింది. దారి పొడుగునా నన్ను తిడుతూనే ఆరోగ్య కేంద్రానికి నడిపించింది. అక్కడి నర్సు సీసా మీద రాసింది మొత్తం చదివి, రాజధానికి ఫోను చేసి మాట్లాడి, నా నాడి చూసి, లోపలికి పోయింది తక్కువే అంది. వాంతులైనా కళ్ళు తిరిగినా వెంటనే రమ్మంది. ప్రిసిలా ఒక్క గుక్క కూడా మింగలేదని మూడుసార్లు అడిగి రాసుకుంది. 

తిరిగొచ్చేసరికి పూజ వదిలారు. బసిలిసా బండి చుట్టూ జనం. పోలికార్పో చర్చికి మోసుకెళ్ళిన మాట దార్లో రూపు మార్చుకుంది. ఇప్పుడది "బసిలిసా టీచరమ్మకి విషం అమ్మింది" అయింది. ఒకావిడ కొన్న కట్టని బండి మీద విసిరి పోయింది. ఇంకొకామె తన కూజా అక్కడే గుమ్మరించింది. బసిలిసా స్టూలు మీద కూర్చుని చుట్ట కాలుస్తోంది, కాని చుట్ట ఆరిపోయి ఉంది.

చర్చి గుమ్మం దగ్గర ఉపదేశి చేతిలో మైకు ఉంది, వచ్చే వారం కోడి కూర విందు గురించి చెబుతున్నాడు. నేను వెళ్ళి చెయ్యి చాపాను. నా మొహం చూసి ఇచ్చేశాడు.

"నేను ఎవారిస్తోని," అన్నాను. "నా ముంగిట్లో తుంగ మందు కొట్టాను. నిన్న, మీరంతా నిద్రపోతున్నప్పుడు. ఎవరికీ చెప్పలేదు. నా నేల మంచిదని నేను చెప్పుకున్న మాట నమ్మి న్యా బసిలిసా అక్కడి తుంగ తీసింది. తప్పు ఆవిడది కాదు, నాది. నా మోకాళ్ళు పోయాయి, వంగలేను, అది చెప్పుకోలేక మందు కొట్టాను. ఇంతే."

స్పీకరు కుయ్యిమంది.  క్రెసెన్సియా ఒక్కతే వచ్చి చెయ్యి పట్టుకుంది.

రెండు వారాలకి మందు చెప్పిన మాట నిలబెట్టుకుంది. తుంగ పసుపు తిరిగి, ఎండి, పోయింది. డిసెంబరు ఎనిమిదికి ఉన్నంత అందంగా నా పచ్చిక నా జన్మలో ఎప్పుడూ లేదు. ఒక్క గుంట లేదు, ఒక్క కలుపు లేదు. దేవమాత పోలికార్పో ముంగిట ఆగింది. వాడి గడ్డిలో పిల్లిపెసర కలుపు కూడా ఉంది, దాని మీదే బల్ల వేశారు. నేను నా గేటు దగ్గర నిలబడి ఇవతలి నుంచే పాడాను. పాట అయ్యాక వాడు ఒక్క మాట కూడా ఎత్తిపొడవకుండా నాకు కుర్చీ తెచ్చి వేశాడు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

బసిలిసా బేరాలు సగానికి పడిపోయాయి. మైకులో చెప్పినంత మాత్రాన భయం పోతుందా? నేను రోజూ ఆరింటికే వెళ్ళి మొదటి బేరం చేశాను. అందరూ చూసేలా అక్కడే నిలబడి తాగాను. ఆవిడ నాతో మాట్లాడేది కాదు, దంచి ఇచ్చేది. జనవరిలో నా పాత మోటారుసైకిలు తీసి, తూర్పున రెండు గంటల దూరంలో మా బావమరిది పశువుల బీడు ఉందని, అక్కడ ఎవరూ మందు కొట్టరని చెప్పాను.

"ఎవరు చెప్పారు కొట్టరని?" అంది.

"మా బావమరిది."

"నోటితోనేనా?"

ఆ రోజు రాలేదు. మూడు వారాల తర్వాత వచ్చింది, ముందు తనే బీడంతా తిరిగి, వాగు నీళ్ళు చూసి, కప్పలున్నాయో లేదో చూసి, అప్పుడు కత్తి తీసింది. వెనక సీటుకి స్టూలు కట్టుకుని నెలకి నాలుగుసార్లు వెళ్ళేవాళ్ళం. ఆ స్టూలు మీద కూర్చుని ఆవిడ దుబ్బు నుంచి దుబ్బుకి జరుగుతుంటే చూశాను. మోకాలు వంచే పనే లేదు. ఒక కాలు ముందుకి, స్టూలు ముందుకి, మనిషి ముందుకి. నేను మా ఇంట్లో పాత తలుపు కోసి అలాంటిదే ఒకటి చేసుకున్నాను. డెబ్భై దగ్గర పడుతుండగా కలుపు తియ్యడం మళ్ళీ నేర్చుకున్నాను.

"నా ముంగిట్లో ఎప్పుడు తియ్యొచ్చు?" అని ఒకసారి అడిగాను.

"ఒక ఏడాది వాన పడనీ. తర్వాత చూద్దాం."

మళ్ళీ అక్టోబరు వచ్చింది. ఓర్పుతో ఎదురు చూశాననను, రోజూ వెళ్ళి గోకి చూశాను. ఒకనాడు గేటు పక్కన గరిక మధ్య మూడు పలకల పచ్చటి కాడ ఒకటి లేచి ఉంది. జీవితమంతా కనబడగానే పీకేసిన మొక్క అది. స్టూలు వేసుకుని దాని ముందు కూర్చున్నాను. ఆకు కొస నలిపి వాసన చూశాను. తుంగే. అంత సంతోషం నా పచ్చిక చూసి నాకు ఎప్పుడూ కలగలేదు.

నవంబరు చివరికి అది అరచెయ్యంత దుబ్బయింది. బసిలిసాకి చెప్పాను. మర్నాడు బాగా తెల్లారాక, వీధంతా చూస్తుండగా, గేటు తీసుకుని వచ్చింది. ఒక చేతిలో స్టూలు, ఒక చేతిలో రోలు. పోలికార్పో గోడ మీంచి చూస్తున్నాడు. ప్రిసిలా పది నెలల పిల్లని చంకనేసుకుని అరుగు మీదకొచ్చింది. క్రెసెన్సియా పొంగిన సంతోషంతో రెండు చుట్టలు తెచ్చింది.

ఆవిడ కూర్చుని, దుబ్బు చుట్టూ కత్తి తిప్పి, గడ్డ తెగకుండా తీసి, మట్టి పూడ్చి తట్టింది. గడ్డని కడిగి, విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.  దంచింది. కూజాలో వేసి నీళ్ళు పోసింది. కొమ్ములో ఆకు నింపి మొదటి నీళ్ళు పోసి నా చేతికిచ్చింది.

"మొదటిది పునీత తోమాది కదా," అన్నాను.

"ఆయన అనుమానం ఆయన ఎప్పుడో తీర్చుకున్నాడు. నాది తీరలేదు. నువ్వు తాగు."

తాగాను. నేను మింగేదాకా ఆవిడ నా గొంతు వైపే చూసింది. తర్వాత కొమ్ము నా చేతిలోంచి తీసుకుని తనకి పోసుకుంది.